కారు స్పీకర్లు మార్చే ముందు డోర్ ప్యాడ్ విప్పి చూడండి

కారులో పాటలు బాగా వినపడట్లేదని ఎవరితో అన్నా స్పీకర్లు మార్చెయ్యమంటారు, అది అయ్యాక యాంప్లిఫయర్ పెట్టించమంటారు. రెండూ సరైన మాటలే. నా కారులో రెండూ చేశాను, రోజూ దాని ఫలితం వింటున్నాను. కాకపోతే ఈ పని చేయించుకున్న చాలామంది కార్లలో కూర్చుని విన్నాక నాకు గట్టిగా అనిపించింది ఏంటంటే, ఖరీదైన స్పీకర్ కొన్నవాళ్లందరికీ మంచి సౌండ్ రావట్లేదు, మామూలు స్పీకరే అయినా శ్రద్ధగా బిగించుకున్నవాళ్లకి మాత్రం దాదాపు ప్రతిసారీ వస్తోంది. అందుకే ఏ కంపెనీ స్పీకర్ కొనాలి అనే చర్చ పక్కన పెట్టి, కొన్నాక ఏం చెయ్యాలో రాస్తున్నాను.

ముందు కంపెనీవాళ్లు ఇచ్చిన స్పీకర్ సంగతి. డోర్ ప్యాడ్ విప్పి దాన్ని చేతిలోకి తీసుకుంటే తెలిసిపోతుంది, అసలు బరువే ఉండదు. ప్లాస్టిక్ చట్రం, వెనక చిన్న మ్యాగ్నెట్, ముందు పల్చటి పేపర్ కోన్, చాలా కార్లలో మధ్యలో ఇంకో బుల్లి కోన్. అలాగని అది పనికిమాలినదేమీ కాదు. తక్కువ పవర్‌తోనే గట్టిగా పలికేలా దాన్ని తయారు చేస్తారు, ఎందుకంటే దాన్ని నడిపించే స్టీరియోలో ఉన్న పవరే తక్కువ. అందుకే కొంతమంది బరువైన కోన్, పెద్ద మ్యాగ్నెట్ ఉన్న స్పీకర్లు తెచ్చి అదే స్టీరియోకి తగిలించి, ఇదివరకటికంటే సౌండ్ తగ్గిందేంటని ఆశ్చర్యపోతారు. యాంప్ పెట్టే ఉద్దేశం లేకపోతే స్పీకర్ డబ్బా మీద వాట్ల అంకె వదిలేసి సెన్సిటివిటీ చూడండి. 1 వాట్ ఇస్తే 1 మీటర్ దూరంలో ఎన్ని డెసిబెల్స్ పలుకుతుందో చెప్పే అంకె అది. 88 ఉన్న స్పీకర్‌కి బదులు 91 ఉన్నది పెడితే పవర్ రెట్టింపు చేసినంత తేడా, అది కూడా ఊరికే వస్తుంది. కొన్ని కంపెనీలు 1 వాట్‌కి బదులు 2.83 వోల్టుల దగ్గర కొలిచి వేస్తాయి, 4 ఓమ్స్ స్పీకర్‌కి (ఓమ్స్ అంటే కరెంటుకి స్పీకర్ ఇచ్చే అడ్డు) అది 2 వాట్లతో సమానం కాబట్టి అంకె 3 డెసిబెల్స్ పెరిగి కనిపిస్తుంది. రెండు స్పీకర్లని పోల్చేటప్పుడు ఆ చిన్న అక్షరాలు కూడా చదవండి.

ఇక స్టీరియో మీద రాసి ఉండే ‘50 వాట్లు × 4’. ఈ అంకె ఎక్కడి నుంచి వస్తుందో లెక్క వేసి చూస్తే యాంప్ ఎందుకో దానంతటదే అర్థమవుతుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కారు కరెంటు సుమారు 14.4 వోల్టులు. స్టీరియో లోపల ఉండే చిన్న చిప్ ఆ వోల్టేజీని పెంచలేదు, ఉన్నదాంతోనే సర్దుకుంటుంది. 14.4 వోల్టుల శిఖరం దాకా వెళ్లే సైన్ వేవ్ (నున్నగా పైకీ కిందికీ పోయే అల) అంటే ఆర్‌ఎంఎస్‌లో, అంటే పవర్ లెక్కకి వాడే ఒకరకం సగటులో, 10.2 వోల్టులు, దాన్ని వర్గం చేసి 4 ఓమ్స్‌తో భాగిస్తే 26 వాట్లు. చిప్‌లో పోయేది పోగా మిగిలేది 20 వాట్లకి అటూ ఇటూ. మరి 50 ఎలా వచ్చింది? 14.4ని నేరుగా వర్గం చేసి 4తో భాగించండి, 51.8 వస్తుంది. అంటే చిప్ పూర్తిగా క్లిప్ అయిపోయి (అల కొసలు తెగిపోయి), సైన్ వేవ్ కాస్తా చదరపు వేవ్‌గా మారిపోయాక వచ్చే పవర్ అది. దాన్ని ఎవరూ పాటగా వినలేరు.

విడిగా పెట్టే యాంప్‌లో ఆ వోల్టేజీని పైకి తీసుకెళ్లే సర్క్యూట్ ఉంటుంది. అందుకే అది ఒక్కో చానల్‌కి 75 వాట్లు, 100 వాట్లు నిజంగా ఇవ్వగలుగుతుంది. అయితే ఇక్కడ ఒకటి చెప్పాలి. 20 వాట్ల నుంచి 80కి వెళ్తే సౌండ్ నాలుగింతలు అవుతుందనుకుంటారు చాలామంది. పవర్ రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే, నాలుగింతలైతే 6. చెవికి అది తెలుస్తుంది కానీ ఆకాశం బద్దలవదు. యాంప్ వల్ల అసలు లాభం వేరే చోట ఉంది. పాట వింటున్నప్పుడు స్పీకర్‌కి సగటున వెళ్లే పవర్ చాలా తక్కువ, మామూలు వాల్యూమ్‌లో 2 వాట్లు దాటదు. కానీ మృదంగం మీద ఒక దెబ్బ, డ్రమ్ మీద ఒక కొట్టు పడిన ఆ క్షణంలో సిగ్నల్ సగటు కంటే 15 డెసిబెల్స్ పైకి లేస్తుంది. 15 డెసిబెల్స్ అంటే 30 రెట్లు పైనే. 2 వాట్లకి 30 రెట్లు, అంటే 60 వాట్లు పైచిలుకు, ఆ ఒక్క క్షణానికి. స్టీరియో దగ్గర అంత లేదు కాబట్టి ఆ దెబ్బ తల తెగిపోతుంది. అదే వాల్యూమ్‌లో, అదే పాట యాంప్ పెట్టాక విన్నప్పుడు దెబ్బ దెబ్బలాగా, గొంతు గొంతులాగా విడివిడిగా వినపడటానికి కారణం ఇది. ఎక్కువ సౌండ్ అక్కర్లేనివాళ్లకి యాంప్ ఎందుకు అనే మాటతో నేను అస్సలు ఏకీభవించను, నెమ్మదిగా వినేవాళ్లకి కూడా ఇది పనికొస్తుంది.

ఇప్పుడు డోరు. అందరూ దాటేసేది ఇక్కడే.

ప్యాడ్ విప్పితే లోపల ఒక పల్చటి ప్లాస్టిక్ షీటు, నల్లటి జిగురుతో అంటించి ఉంటుంది. అది నీటి తడి క్యాబిన్‌లోకి రాకుండా అడ్డుకోవడానికి. దాన్ని మెల్లగా ఒలిస్తే వెనక ఇనప రేకు, ఆ రేకులో అరచేతులు పట్టేంత రంధ్రాలు, వాటిలోంచి చూస్తే అద్దం దిగే పట్టాలు, మోటారు, వైర్లు. బయటి రేకుని వేళ్లతో తట్టి చూడండి, డబ్బా రేకులా ‘డంగ్’ మంటుంది. ఇంట్లో స్పీకర్‌కి చెక్కపెట్టె ఉంటుంది కదా, కారులో ఆ పెట్టె ఈ డోరే. స్పీకర్ కోన్ ముందుకి కదిలినప్పుడు ముందు గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనక గాలి సాగుతుంది, రెండూ కలిస్తే ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. 80 హెర్ట్జ్ బేస్ వేవ్ పొడవు 4 మీటర్లు దాటుతుంది, దానికి ఆ రంధ్రాల్లోంచి చుట్టూ తిరిగి రావడం ఒక లెక్క కాదు. అందుకే ఎంత పెద్ద స్పీకర్ పెట్టినా బేస్ రాదు, ప్యాడ్ మాత్రం గడగడలాడుతుంది.

చెయ్యాల్సింది కష్టమైన పనేమీ కాదు, ఓపిక కావాలంతే. అల్యూమినియం ఫాయిల్ ఉన్న బ్యూటైల్ డ్యాంపింగ్ షీట్లు (రేకు అదురుని ఆపే, అంటుకునే రబ్బరు షీట్లు) తెచ్చుకోవాలి. తారు షీట్లు చవగ్గా దొరుకుతాయి, ఎండలో నిలబడ్డ కారులో కరిగి వాసనొస్తాయి, వాటి జోలికి వెళ్లొద్దు. బయటి రేకు లోపలి వైపుని జిడ్డు పోయేలా స్పిరిట్‌తో తుడిచి, స్పీకర్ వెనక భాగం మొదలుకుని షీటు అంటించి రోలర్‌తో గట్టిగా నొక్కాలి. రోలర్ తిప్పుతుంటే ఫాయిల్ మీదున్న గళ్ల ముద్ర చదునైపోవాలి, అప్పుడే అది సరిగ్గా అంటుకున్నట్టు. రేకంతా కప్పనక్కర్లేదు, పావు వంతు నుంచి సగం వరకు కప్పినా మళ్లీ తట్టినప్పుడు ‘డంగ్’ పోయి ‘దబ్’ అంటుంది. తర్వాత లోపలి రేకులోని రంధ్రాలు మూయాలి. పెద్ద రంధ్రాల మీద షీటు ఒక్కటే వేస్తే అది కోన్‌తో పాటు లోపలికీ బయటికీ ఊగుతుంది, కాబట్టి అక్కడ గట్టి ప్లాస్టిక్ పలకో అల్యూమినియం రేకో పెట్టి దాని మీద షీటు వెయ్యండి. స్పీకర్ కింద ప్లైవుడ్ లేదా హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) రింగు, స్పీకర్ ముందు ప్యాడ్ గ్రిల్‌కి ఆనేలా ఫోమ్ రింగు. ఈ ఫోమ్ లేకపోతే సౌండ్‌లో కొంత ప్యాడ్ వెనకే తిరుగుతూ ఉండిపోతుంది.

రెండు జాగ్రత్తలు మాత్రం గుర్తుపెట్టుకోండి. డోరు అడుగున నీరు పోయే చిన్న రంధ్రాలు ఉంటాయి, వాటిని ఎట్టి పరిస్థితుల్లోనూ మూయకూడదు, మూస్తే వాన నీరు నిలిచి డోరు లోపల్నుంచి తుప్పు పడుతుంది. రెండోది ఇంకా ముఖ్యం: కొన్ని కార్లలో ముందు డోర్ల లోపల ఒక ప్రెషర్ సెన్సార్ ఉంటుంది. పక్క నుంచి ఏదైనా గుద్దినప్పుడు డోరు నొక్కుకుపోయి లోపలి గాలి ఒత్తిడి పెరుగుతుంది, దాన్ని పట్టి ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేలా చేసేది అదే. దాన్ని కప్పొద్దు, విప్పొద్దు. మీ కారులో ఈ సెన్సార్ ఉంటే, రంధ్రాలు మూసే ముందు కంపెనీ సర్వీస్ మాన్యువల్ చూడటం తప్పనిసరి. అలాగే ముందు అద్దం పక్కనున్న స్తంభంలో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉంటే ట్వీటర్ (సన్నటి పై స్వరాలు పలికే చిన్న స్పీకర్) గానీ దాని వైరు గానీ బ్యాగ్‌కి అడ్డంగా పోకూడదు. పాట కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు.

స్పీకర్ ఎంపిక గురించి ఎక్కువ చెప్పను. ట్వీటర్ పైన విడిగా పెట్టుకునే చోటు ఉంటే కాంపొనెంట్ సెట్టు (ట్వీటర్ విడిగా వచ్చేది), లేకపోతే కోయాక్సియల్ (ట్వీటర్ స్పీకర్ మధ్యలోనే ఉండేది). కాంపొనెంట్ నాకు ఇష్టం, ఎందుకంటే మోకాళ్ల దగ్గర పాడుతున్న గొంతు డ్యాష్‌బోర్డ్ మీదికి లేచి వస్తుంది. కొనే ముందు అద్దం పూర్తిగా కిందికి దింపి, రేకు నుంచి అద్దం వరకు లోతు కొలవండి, మ్యాగ్నెట్ అద్దానికి తగిలితే కథ మళ్లీ మొదటికి వస్తుంది. కంపెనీ స్పీకర్ ఎన్ని ఓమ్స్‌దో కూడా చూసుకోండి, కొన్ని ఖరీదైన మోడళ్లలో 2 ఓమ్స్ ఉంటాయి.

యాంప్ విషయంలో నా అభిప్రాయం సూటిగా చెప్తాను. నాలుగు చానళ్ల క్లాస్ డీ (కరెంటు తక్కువ వృథా చేసే రకం) యాంప్ చాలు, చిన్నగా ఉంటుంది, సీటు కింద పడుతుంది, పెద్దగా వేడెక్కదు. ‘మ్యాక్స్’ అంకెని అసలు చదవకండి. సీఈఏ-2006 అని రాసి ఉంటే మంచిది, 14.4 వోల్టుల దగ్గర, 4 ఓమ్స్ మీద, డిస్టార్షన్ (సౌండ్ వికృతమవడం) 1 శాతం దాటకుండా కొలిచిన పవర్ అని దానర్థం. ఆ ముద్ర లేకపోతే యాంప్‌కి ఇచ్చిన ఫ్యూజ్ చూడండి. 30 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టి 2000 వాట్లు అని రాశారంటే అది అబద్ధం, 30ని 14తో గుణిస్తే 420 వాట్లు, అందులో వేడికి పోయేది పోగా మిగిలింది మీది.

వైరింగ్‌లో రాజీ పడొద్దు, ఎందుకంటే ఇక్కడ తప్పు జరిగితే సౌండ్‌తో ఆగదు, కారు తగలబడుతుంది. 75 వాట్ల నాలుగు చానళ్లు పూర్తిగా పనిచేస్తే సుమారు 27 ఆంపియర్లు లాగుతాయి. 8 గేజ్ (గేజ్ అంకె తగ్గే కొద్దీ తీగ లావు) రాగి తీగ 5 మీటర్లు వేస్తే 30 ఆంపియర్ల దగ్గర 0.3 వోల్టు పోతుంది, 4 గేజ్ వేస్తే 0.12 మాత్రమే. నేనైతే 4 గేజే వేస్తాను, రేపు ఇంకేదైనా పెట్టాలన్నా పనికొస్తుంది. అయితే అది అసలు రాగి అయి ఉండాలి. కిట్లలో వచ్చే తీగల్లో చాలావరకు సీసీఏ, అంటే అల్యూమినియం మీద రాగి పూత. దాని వాహకత రాగిలో మూడింట రెండొంతులు కూడా ఉండదు. కొసని గోకి చూడండి, లోపల తెల్లగా కనపడితే అదే.

బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసేశాకే పని మొదలుపెట్టండి. మెయిన్ ఫ్యూజ్ బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపే ఉండాలి. ఆ ఫ్యూజ్ యాంప్‌ని కాపాడటానికి అనుకుంటారు, అది కాపాడేది తీగని. దారిలో ఎక్కడైనా ఇన్సులేషన్ కోసుకుపోయి బాడీకి తగిలితే బ్యాటరీలో ఉన్న కరెంటంతా ఆ తీగలోంచే పోతుంది, మధ్యలో ఆపేది ఫ్యూజ్ ఒక్కటే. అందుకే ఇంజిన్ వైపు నుంచి క్యాబిన్‌లోకి వచ్చే చోట రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకి తొడిగే రింగు) లేకుండా తీగ లాగొద్దు. ఎర్త్ తీగ పొట్టిగా, అదే గేజ్‌లో, పెయింటు పూర్తిగా గీకేసి మెరిసే ఇనుము మీద బోల్టుతో బిగించాలి. సీటు బెల్టు బోల్టు సౌకర్యంగా కనిపిస్తుంది కానీ దాన్ని ముట్టుకోవద్దు. స్టార్ట్-స్టాప్ ఉన్న కార్లలో బ్యాటరీ నెగటివ్ మీద ఒక సెన్సార్ ఉంటుంది, కాబట్టి ఎర్త్ నేరుగా బ్యాటరీకి కలపకుండా బాడీకే ఇవ్వాలి. పవర్ తీగ ఒక పక్క నుంచి, ఆర్‌సీఏ కేబుళ్లు (స్టీరియో నుంచి యాంప్‌కి సిగ్నల్ తెచ్చేవి) రెండో పక్క నుంచి. యాక్సిలరేటర్ తొక్కే కొద్దీ స్పీకర్లలో ‘కుయ్’ మనే శబ్దం పెరుగుతుంటే మొదట అనుమానించాల్సింది ఎర్త్‌నే.

కంపెనీ స్టీరియో అలాగే ఉంచాలనుకుంటే, ఇప్పటి చాలా కార్లలో ఎలాగూ సులువుగా మార్చే వీల్లేదు, యాంప్‌కి హై లెవెల్ ఇన్‌పుట్ ఉందో లేదో చూసుకోండి. స్పీకర్ తీగల నుంచే సిగ్నల్ తీసుకుంటుంది. ఇక్కడో చిక్కుంది. చాలా కంపెనీ స్టీరియోలు వాల్యూమ్ పెంచే కొద్దీ బేస్‌ని నిశ్శబ్దంగా తగ్గించేస్తాయి, వాళ్ల పల్చటి స్పీకర్లు చిరిగిపోకుండా. మీరు కొత్త స్పీకర్లు పెట్టినా ఆ కోత అలాగే ఉంటుంది. దాన్ని సరిచెయ్యడానికే డీఎస్‌పీ, అంటే సిగ్నల్‌ని డిజిటల్‌గా సర్దే ప్రాసెసర్. బడ్జెట్ ఉంటే ఖరీదైన స్పీకర్‌కి బదులు మధ్యరకం స్పీకర్, డీఎస్‌పీ ఉన్న యాంప్ తీసుకోండి అని నేను గట్టిగా చెప్తాను.

గెయిన్ నాబ్ దగ్గర కాసేపు ఆగుదాం, స్పీకర్లు ఎక్కువగా చచ్చేది ఇక్కడే. గెయిన్ అంటే వాల్యూమ్ కాదండి. స్టీరియో పంపే సిగ్నల్‌ని యాంప్‌కి సరిపోల్చే సర్దుబాటు అది. మల్టీమీటర్ ఉంటే పద్ధతిగా పెట్టుకోవచ్చు. స్పీకర్ తీగలు యాంప్ నుంచి తీసేయండి, ఈక్వలైజర్ సున్నా, బేస్ బూస్ట్, ఫిల్టర్లు అన్నీ ఆఫ్, స్టీరియో వాల్యూమ్ నాలుగింట మూడొంతులు. 0 డెసిబెల్స్ సైన్ టోన్ ఫైల్ పెట్టండి, 100 నుంచి 400 హెర్ట్జ్ మధ్యలో ఏదైనా పర్లేదు, చవక మీటర్లు అంతకు మించిన ఫ్రీక్వెన్సీ సరిగా చదవవు. మీటర్ ఏసీ వోల్టుల్లో పెట్టి యాంప్ అవుట్‌పుట్ మీద ఆనించండి. కావలసిన వాట్లని ఓమ్స్‌తో గుణించి వర్గమూలం తీస్తే వచ్చేదే మీ లక్ష్యం: 75ని 4తో గుణిస్తే 300, దాని వర్గమూలం 17.3. సున్నా నుంచి మెల్లగా తిప్పుతూ మీటర్ 17.3 చూపించగానే చెయ్యి తీసేయండి. అంతే, ఇక ఆ నాబ్ జోలికి వెళ్లొద్దు. మీటర్ వోల్టేజీ చెప్తుంది గానీ వేవ్ తల తెగిందో లేదో చెప్పదు, ఆసిలోస్కోప్ ఉన్న స్నేహితుడు దొరికితే ఇంకా మంచిది. తల తెగిన వేవ్‌లో పై ఫ్రీక్వెన్సీలు పుట్టుకొస్తాయి, అవి నేరుగా ట్వీటర్‌కే పోయి దాని కాయిల్‌ని మాడ్చేస్తాయి.

తర్వాత డోర్ స్పీకర్లకి హై పాస్ ఫిల్టర్ (పెట్టిన అంకె కంటే కింది స్వరాల్ని ఆపేది) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. బేస్ పోతుందేమోనని భయపడతారు, కానీ 16 సెంటీమీటర్ల కోన్‌ని 40 హెర్ట్జ్ కోసం ఊపించడం మానేస్తే గొంతులు ఎంత తేటగా వస్తాయో విని తీరాలి. పోలారిటీ (ప్లస్, మైనస్ సరిగ్గా కలిశాయా అనేది) కూడా ఒకసారి చూసుకోండి. యాంప్ వైపు తీగలు విప్పి, వాటికి 1.5 వోల్టుల సెల్ ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ వచ్చేలా ఒక్క క్షణం ఆనిస్తే కోన్ బయటికి రావాలి, లోపలికి పోతే తీగలు తారుమారైనట్టు. ట్వీటర్‌తో ఈ ప్రయోగం చెయ్యొద్దు. డీఎస్‌పీ ఉంటే టైమ్ అలైన్‌మెంట్ (అన్ని స్పీకర్ల సౌండ్ చెవికి ఒకేసారి చేరేలా సర్దడం) తప్పకుండా పెట్టుకోండి. డ్రైవర్ చెవికి దగ్గరి స్పీకర్ 90 సెంటీమీటర్లు, అవతలి డోరుది 140 అనుకుంటే తేడా 50, సౌండ్ సెకనుకి 343 మీటర్లు పోతుంది కాబట్టి దగ్గరి దాన్ని 1.46 మిల్లీసెకన్లు ఆలస్యం చెయ్యాలి. ఆ అంకె కొట్టి ఓకే అనగానే, అప్పటిదాకా పక్క డోరులో ఇరుక్కున్న గాయని గొంతు ఎదుటి అద్దం మధ్యలోకి జరిగి నిలబడుతుంది. ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన క్షణం అదే.

ఒక హెచ్చరిక. డిస్టార్షన్ ఉన్నప్పుడు చెవి విసుక్కుని మనమే తగ్గిస్తాం. శుభ్రమైన సౌండ్ అలా విసిగించదు, తెలియకుండానే వాల్యూమ్ పైకి పోతుంది. అమెరికాలో ఉద్యోగుల ఆరోగ్య భద్రత మీద పరిశోధన చేసే ఎన్‌ఐఓఎస్‌హెచ్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ రోజుకి 8 గంటలు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగమవుతుంది, 94 దగ్గర 1 గంటే. ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ వేసి మీరు మామూలుగా వినే వాల్యూమ్ ఎంతో ఒకసారి చూసుకోండి.

వెనక డోర్ల స్పీకర్లు మార్చాలా అని అడుగుతారు. నేను మార్చలేదు, మార్చే ఉద్దేశం కూడా లేదు. పాట ముందు నుంచి రావాలి, వెనకవి కంపెనీవే స్టీరియో మీద తక్కువగా పాడుకుంటే వెనక కూర్చున్నవాళ్లకి చాలు. యాంప్‌లో మిగిలిన రెండు చానళ్లనీ బ్రిడ్జ్ చేసి (కలిపి ఒకటిగా చేసి), డిక్కీలో ఒక చిన్న 4 ఓమ్స్ సబ్‌వూఫర్‌కి (బేస్ కోసమే ఉండే స్పీకర్‌కి) ఇచ్చాను. చాలా యాంప్‌లు బ్రిడ్జ్‌లో 4 ఓమ్స్ కంటే తక్కువ తట్టుకోవు, కాబట్టి 2 ఓమ్స్ సబ్ కొనే ముందు యాంప్ మాన్యువల్ చదవండి. సబ్‌కి లో పాస్ ఫిల్టర్ (పై స్వరాల్ని ఆపేది) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టి, దాని లెవెల్ మాత్రం బేస్ వెనక నుంచి వస్తున్నట్టు అనిపించనంత వరకే పెంచండి.